చల్లటి గోడ

మామిడి కోతలు మొదలైన వారంలోనే మా హన్నాకి మళ్లీ ఆయాసం వచ్చింది. ఏడేళ్ల పిల్ల. పడుకున్నప్పుడు దాని గుండెల్లో ఎక్కడో పిల్లి ఒకటి కూర్చుని కూస్తున్నట్టుండేది. నేను దాని వీపు మీద చెయ్యి వేసి ఊపిర్లు లెక్కపెట్టేదాన్ని. ఒకటి వచ్చాక రెండోది రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నా కళ్ల ముందు ఏమేమో కదిలేవి. అవన్నీ ఇక్కడ రాయను. రాస్తే జరుగుతాయేమోనని నాకిప్పటికీ భయమే.

నూజివీడులో పిల్లల డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలో వేసుకుని, "మీ ఇంట్లో గోడలకి చెమ్మ ఉందా?" అని అడిగింది.

"ఉందండి."

"బూజు పడుతుందా?"

"నల్లగా, పచ్చగా వస్తుందండి. తుడుస్తూనే ఉంటాను."

"తుడిస్తే పోదమ్మా. పిల్ల పీల్చేది దాన్నే. ఇల్లన్నా మార్చండి, గోడన్నా బాగుచేయించండి. ఏదైనా వానలొచ్చేలోపు చెయ్యాలి. పోయిన వానాకాలం రెండుసార్లు తీసుకొచ్చారు. ఈసారి ముదరొచ్చు."

ముదరొచ్చు అన్న మాట ఆవిడ మామూలుగానే అంది. ఇన్‌హేలర్ ఎలా పట్టాలో కూడా అదే గొంతుతో చెప్పింది. బస్సు చాట్రాయి రోడ్డెక్కి, రెండు పక్కలా తోటలు మొదలై, హన్నా కిటికీలోంచి కాయలు చూపిస్తున్నా నాకేం వినపడలేదు. ఆ ఒక్క మాటే చెవిలో ఉండిపోయింది.

ఇల్లు మార్చడం మా చేతిలో లేదు. మా ఆయన కిషోర్ బాబు మా ఊరి వాటర్ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. ట్యాంకు కిందే పంచాయతీ వాళ్ల క్వార్టరు. ఒక గది, వంటిల్లు, ముందు రేకుల పంచ. ఆపరేటరన్నవాడు ట్యాంకు దగ్గరే కాపురం ఉండాలి, తెల్లవారుజామున మోటారు వెయ్యాలి. ఇల్లు వదిలితే ఉద్యోగం వదిలినట్టే. ఆ ఉద్యోగమైనా పర్మనెంటు కాదు, ఏటా జూలైలో మళ్లీ పేరు రాసుకుంటేనే ఉన్నట్టు. కాబట్టి గోడే బాగవ్వాలి. అప్పటికి ఏప్రిల్ రెండో వారం. జూన్ సగానికి తొలకరి. నాకున్నది ఆ రెండు నెలలు.

గోడంటే ట్యాంకు వైపు గోడ. నేల దగ్గర నుంచి నా నడుమెత్తు దాకా ఎప్పుడూ తడే. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, కింద తెల్లగా ఉప్పులాంటి పొడి రాలేది. ఆ గదిలో మంచం పట్టేది ఆ గోడ పక్కనే. రెండో వైపు బీరువా, మూడో వైపు తలుపు, నాలుగో వైపు వంటింటి గుమ్మం. మంచం అడ్డం తిప్పి చూశాను, నిలువు తిప్పి చూశాను. ఎలా తిప్పినా హన్నా తల ఆ గోడ దగ్గరికే వచ్చేది.

"మా రోజుల్లో గోడలన్నీ తడే," అంది మా అత్తయ్య రిబ్కమ్మ. "మీ ఆయన అలాంటి ఇంట్లోనే పుట్టాడు. బతకలేదా?"

"ఆయన బతికారు అత్తయ్యా. మీ రెండోవాడు?"

అనకూడని మాట. అనేశాను. ఆవిడ రెండో కొడుకు మూడో ఏట ఆయాసం జబ్బుతోనే పోయాడు. అత్తయ్య పంచలోకి వెళ్లి కూర్చుంది. కాసేపటికి లోపలికొచ్చి, "ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పు మరి. నన్నెందుకు చూస్తావు," అంది.

మా ఆయన మాత్రం, "కంప్లయింటు నేను పెడితే బాగోదు, డిపార్టుమెంటు మనిషిని. నువ్వు పెట్టు. పైనుంచి స్లాబులో నీళ్లు దిగుతున్నాయని రాయి," అన్నారు. నేను పదో తరగతి దాకా చదివాను. అర్జీ సొంతంగానే రాసుకున్నాను. స్లాబు సంగతి మాత్రం ఆయన చెప్పినట్టే రాశాను.

మా ఊరి సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు శ్రీరమ్య. పాతికేళ్లుంటాయి, నెమ్మదైన పిల్ల. అర్జీ కంప్యూటర్లో ఎక్కించి, "రేపు పదకొండింటికి వస్తానమ్మా. చూసి ఫొటో తియ్యాలి," అంది. ఇంత తేలిగ్గా పనవుతుందని నేననుకోలేదు. దేవుడికి స్తోత్రం చెప్పుకుంటూ ఇంటికొచ్చాను.

"రేపు ఆఫీసు నుంచి మేడం వస్తుందంట," అన్నాను.

అత్తయ్య గది నాలుగు మూలలా చూసింది. "ఇలాంటి ఇంటికా? ఏమనుకుంటుంది? ఇంత రోతలో బతుకుతున్నారు, వీళ్లు మనుషులా అనుకోదూ?"

నాకూ అదే అనిపించింది. ఇది నేను దాచను. మా అమ్మ నాకు నేర్పింది అదే. ఇంటికి పాస్టరుగారొచ్చినా, టీచరొచ్చినా, జనాభా లెక్కలవాళ్లొచ్చినా ముందు రోజు ఇల్లు కడగాలి. ఉన్నది గంజే కావచ్చు, గడప మాత్రం తెల్లగా ఉండాలి. మన ఇల్లు చూసి ఎవరూ ముక్కు మీద వేలు పెట్టకూడదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి అదే చేస్తున్నాను. చెయ్యి దానంతటదే పోతుంది.

మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఇద్దరం ఆ గోడతో పోరాడాం. బ్లీచింగు నీళ్లు పోసి కొబ్బరిపీచుతో రుద్దాం. పెచ్చులు గీకేశాం. సున్నంలో కాస్త నీలిమందు కలిపి రెండు కోటింగులు వేశాం. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచాను. గోడ పాలలా తయారైంది. దూరంగా నిలబడి చూసుకుని నేను మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెం మీదే నాకు ఎక్కువ మంట.

శ్రీరమ్య చెప్పిన వేళకే వచ్చింది. "ఇల్లు ఎంత నీటుగా పెట్టుకున్నారమ్మా," అంది. "చెమ్మ ఎక్కడ?"

"ఇదిగోండి, ఈ గోడంతా. మీరొస్తున్నారని సున్నం వేశాం."

ఆ పిల్ల నవ్వింది. వేలితో గోడ తాకింది. సున్నం అంటింది, అంతే. డాబా మీదికెక్కి స్లాబు చూసొచ్చింది. ఫొటో తీసింది. అత్తయ్య రెండు చిన్నరసాలు కవర్లో పెట్టి ఇస్తే మొహమాటపడుతూ తీసుకుంది. నేను గేటు దాకా వెళ్లి సాగనంపాను.

మూడో రోజు ఫోన్లో మెసేజి వచ్చింది. నేను కాయలు ఏరే షెడ్డులో ఉన్నాను. చేతులకి మామిడి జీడి అంటుకుని ఉంటే మోచేత్తో ఫోను తిప్పి చదివాను. మీ అర్జీ పరిష్కరించబడింది. ధన్యవాదాలు.

ఎవరో తాపీమేస్త్రి వచ్చి ఉంటాడని ఇంటికి పరిగెత్తాను. ఎవరూ రాలేదు. గోడ అక్కడే ఉంది. అప్పటికే సున్నంలోంచి బొట్లు బొట్లుగా నలుపు పొడుచుకొస్తోంది. నాకు కాయల పనిలో పదేళ్ల అనుభవం. తొడిమ దగ్గర మచ్చ చూసి లోపల ఎంత మేర పోయిందో చెప్పేస్తాను. ఆ గోడ చూసినా అలాగే తెలిసింది. పైన పూసింది పైనే ఉంది. లోపల దాని పని అది చేసుకుపోతోంది.

మర్నాడు పని మానేసి సచివాలయానికి వెళ్లాను.

"పరిష్కరించామని పంపారు. ఏం పరిష్కరించారండి?"

శ్రీరమ్య కంప్యూటరు నా వైపు తిప్పింది. తెరంతా తెల్లగా మా గోడ. ఒక మూల మా ఉతికిన దుప్పటి అంచు. కింద తేదీ, టైము, ఊరి పేరు.

"స్లాబు చూశానమ్మా, పగుళ్లు లేవు. వానలూ లేవు. పైనుంచి దిగుతున్నాయని మీరే రాశారు. గోడ చూస్తే ఇలా ఉంది. ఈ ఫొటో చూసి పైవాళ్లు క్లోజ్ చేసేశారు."

"ఆ సున్నం మేం వేసిందండి."

"తెలుసమ్మా. ఎందుకు వేశారు?"

ఆ పిల్ల వెటకారంగా అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. మా ఇంటికి మనిషి వస్తున్నాడంటే సున్నం వేస్తాం, అంతే కదా. అందులో ఎందుకేముంది. కానీ ఆ తెర మీద నా చేత్తో నేను తెల్లచేసిన గోడ, దాని కింద పరిష్కారం అన్న మాట చూస్తుంటే నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీదా, పైవాళ్ల మీదా, నా మీదా.

"తడి ముట్టుకుంటే తెలుస్తుంది కదండి. మీరు ముట్టుకున్నారు."

"సున్నం తడి అనుకున్నానమ్మా." తల దించుకుంది. "మళ్లీ తెరుస్తాను. ఈసారి మండలం ఇంజనీరు ఏఈ గారే వచ్చి చూడాలి. ఎప్పుడొస్తారో చెప్పలేను. కోతల టైము కదా."

కోతలకీ ఏఈ గారికీ సంబంధమేంటో ఆ పిల్ల చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ వారమే హన్నాకి గట్టిగా వచ్చింది. నేను షెడ్డులో ఉండగా మధ్యాహ్నం అత్తయ్య పిల్లని భుజాన వేసుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చేసింది, చెప్పులు కూడా లేకుండా. హన్నా పెదాలు రంగు మారాయి. డొక్కలు ఎగురుతున్నాయి. నూజివీడు వెళ్లే ఆటో ఒకటి ఉంటే అందులో సగం బంగినపల్లి ట్రేలే. ఆ ట్రేల మీద కూర్చునే వెళ్లాం. దారంతా అత్తయ్య గట్టిగా ప్రార్థన చేస్తూనే ఉంది. నాకు ప్రార్థన రాలేదు. ఆ తెల్లటి ఫొటోయే కళ్ల ముందు ఉంది.

నెబులైజర్ మాస్కు లోంచి పొగ వస్తుంటే హన్నా కళ్లు నన్నే చూస్తున్నాయి. డాక్టరమ్మ వచ్చి, "గోడ బాగుచేయించారా?" అంది.

"పరిష్కరించబడిందండి," అన్నాను.

ఆవిడ నా మొహం ఒకసారి చూసి, చీటీ రాయడం మొదలుపెట్టింది.

మే సగానికి ట్యాంకు మోటారు కాలిపోయింది. మూడు రోజులు ఊరికి నీళ్లు లేవు. ఊరంతా మా ఆయన్ని తిట్టుకుంటూ బిందెలతో బావుల వెంట పడింది. నేను మాత్రం ఇంకోటి చూశాను. రెండో రోజుకి గోడ మీద తడి పై అంచు నుంచి జానెడు మేర ఆరి రంగు తేలింది. మూడో రోజుకి మూరెడు. చెయ్యి పెడితే అరచేతికి తడి అంటలేదు. నాలుగో రోజు కొత్త మోటారు బిగించి తెల్లవారుజామున వేశారు. పది గంటలకల్లా గోడ మళ్లీ చెమట పట్టింది.

వాన లేదు. స్లాబుకి సంబంధం లేదు. మోటారు ఆగితే ఆరింది, తిరిగితే తడిసింది. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు.

మా ఆయన అన్నం తింటున్నారు. ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముద్ద కంచంలోనే వదిలేశారు.

"మెల్లిగా మాట్లాడు," అన్నారు.

"మెల్లిగానే మాట్లాడుతున్నాను. ఆ నీళ్లు ఎక్కడివి?"

"ఓవర్‌ఫ్లో పైపు. ట్యాంకు నిండాక పొర్లే నీళ్లు దాంట్లోంచే పోతాయి. భూమిలో జాయింటు విరిగింది. మన పునాది పక్కనే."

"ఎప్పుడు విరిగింది?"

"రెండేళ్లవుతుంది."

హన్నాకి మొదటిసారి ఆయాసం వచ్చి రెండేళ్లే.

"మీకు తెలుసు."

"ఏఈ గారికి అప్పుడే చెప్పాను తబితా. రోజూ రాసే లాగు బుక్కులో అది రాయొద్దన్నాడు. రాస్తే తవ్వాలి, ఎస్టిమేటు వెయ్యాలి, రెండు రోజులు ఊరికి నీళ్లాపాలి. ఆపరేటరు టైముకి మోటారు కట్టెయ్యక పొర్లి పొర్లి పైపు విరిగిందని రాస్తానన్నాడు. జూలైలో నా పేరు తీసేస్తే ఎక్కడికి పోతాం చెప్పు?"

"స్లాబులోంచి దిగుతున్నాయని నాచేత రాయించావు."

పదేళ్ల కాపురంలో ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి. అన్నానని కూడా నాకు తెలియలేదు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ అత్తయ్య మొహం చూశాక తెలిసింది. కోడలు కొడుకుని ఏకవచనంలో పిలిస్తే ఊరుకునే మనిషి కాదావిడ. ఆ రోజు ఊరుకుంది. కంచం దగ్గరికొచ్చి కొడుకుతో, "తిను. తిని లే," అంది. ఈసారి ఆవిడ నా వైపని ఆయనకి అర్థమైంది. తినకుండానే లేచారు.

ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో మాటల్లేవు. ఆయన మోటారు వేసే చప్పుడు వినిపిస్తే నాకు పళ్లు బిగుసుకునేవి. నీళ్లు పైకెక్కుతున్నాయి, నిండుతున్నాయి, ఇప్పుడు పొర్లుతున్నాయి, ఇప్పుడు నా పిల్ల తల దగ్గరికి వస్తున్నాయి అని మనసులో దారి గీసుకునేదాన్ని. రోజూ చాట్రాయిలో ఏఈ గారి ఆఫీసుకి ఫోను చేసేదాన్ని. సార్ ఫీల్డులో ఉన్నారు అనేవాళ్లు. ఆకాశంలో మబ్బు తునక కనపడితే తొలకరికి ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టేదాన్ని.

మే చివర్లో ఒక పొద్దున శ్రీరమ్య ఫోను చేసింది. "ఇవాళ మధ్యాహ్నం ఏఈ గారు మీ వైపు వస్తున్నారమ్మా. వచ్చి చూస్తానన్నారు."

ఫోను పెట్టేసి చూసేసరికి అత్తయ్య సున్నం బకెట్టు తెచ్చి గోడ దగ్గర పెట్టేసింది. చీర కుచ్చిళ్లు కూడా ఎగదోపింది.

"వద్దు అత్తయ్యా."

"ఎంత చూపించాలన్నా ఇలాగా? నేల దగ్గర ఆ నాచన్నా గీకుతాను."

"ముట్టుకోవద్దన్నాను." బ్రష్షు లాక్కుని బీరువా మీదికి విసిరేశాను.

"పోనీ దుప్పటన్నా మార్చనివ్వవే తల్లీ. ఇంత పెద్దాఫీసరు వస్తుంటే."

"దుప్పటీ మార్చొద్దు."

గదిలో ఆ మురికి గోడ ముందు నిలబడి మనిషి కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో చెప్పలేను. చేతులు గుంజేవి. ఒకసారి తడిగుడ్డ తీసుకుని సగం దాకా వెళ్లి వెనక్కొచ్చాను. ఇంట్లో ఉన్న రెండు కుర్చీలూ ఉపవాస ప్రార్థనలకని చర్చికి వెళ్లాయి. వాటిని కూడా తెప్పించలేదు.

ఏఈ ఉదయశంకర్ గారు రెండు గంటలకి వచ్చారు. జీపు వెనకాల మూడు మామిడికాయల బుట్టలు, గడ్డి కప్పి. యాభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. నాలుగింటికి ఏలూరులో మీటింగుందని వస్తూనే చెప్పారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కరెంటు లేదు. వెలుతుర్లోంచి వచ్చారు కదా, గుమ్మం దాటాక కళ్లు చికిలించి మంచం వెతుక్కుని కూర్చున్నారు. హన్నా పడుకునే చోటే. కూర్చుని, వెనక్కి వాలి, వీపు మొత్తం ఆ గోడకి ఆనించారు.

"అబ్బా," అన్నారు కళ్లు మూసుకుని. "ఎంత చల్లగా ఉందమ్మా మీ ఇల్లు. ఏసీ పెట్టినట్టుంది."

"ఊళ్లో జనం వడదెబ్బ తగిలి పడిపోతున్నారు. ఇంత చల్లటి కొంపలో ఉండి కూడా కంప్లయింట్లు పెడతారేంటి మీరు? కిషోర్ మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. నువ్వే ఆన్‌లైన్లో పెడుతున్నావంట."

"సార్, ఆ గోడ—"

"చెప్పేది వినమ్మా. మధ్యలో మాట్లాడకు."

నేను చెప్పబోయింది చొక్కా సంగతే. నిజం. ఇంటికొచ్చిన మనిషి బట్టలు పాడవుతుంటే చూస్తూ ఊరుకునే పెంపకం కాదు నాది. నోరు తెరిచాను, మాట నాలుక మీదిదాకా వచ్చింది. మధ్యలో మాట్లాడకు అన్నారు. మాట్లాడలేదు.

ఆయన చెబుతూ పోయారు. ఇంట్లో తడిబట్టలు ఆరేస్తే చెమ్మ వస్తుందంట. అన్నం వార్చేటప్పుడు ఆవిరికి కూడా వస్తుందంట. కిటికీలు తీసుకుని ఉండాలంట. ఆ గదికి కిటికీ ఒక్కటే, అది ఆయన జీపు వైపే తెరిచి ఉంది. పిల్లలకి ఆయాసం ఈ కాలంలో దుమ్ముకి అందరికీ వస్తుందంట, వాళ్ల మేనకోడలికి కూడా ఉందంట, పెద్దయితే పోతుందంట. మాట మాటకీ కాస్త అటూ ఇటూ కదిలి, ఒళ్లు చల్లబడేలా గోడకి వీపు రుద్దుకున్నారు.

హన్నా గుమ్మంలో నిలబడి చూస్తోంది. దాని ఊపిరి ఇక్కడికి వినిపిస్తోంది. ఆయన ఒకసారి దాని వైపు చూసి, "ఏం పాపా, బడి లేదా?" అన్నారు.

"సెలవలు సార్," అంది హన్నా. రెండు మాటలకి మధ్య ఒక ఊపిరి తీసుకుంది.

"ఊఁ," అని ఆయన వాచీ చూసుకున్నారు. "సరే. జూలై తర్వాత చూద్దాం. ఫండ్స్ వచ్చాక."

లేచారు. నాకు వీపు కనపడింది. భుజాల నుంచి నడుము దాకా తెల్ల చొక్కా మీద మా గోడ మొత్తం దిగింది. నలుపు, పచ్చ, మధ్యలో ఉప్పు పొడి, ఊడిన సున్నం ముక్కలు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఒంటి చెమట ఆరుతోందనుకున్నారేమో.

అత్తయ్య "బాబూ" అనబోయింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, ఆవిడ గాజు ఒకటి చిట్లింది. జీపు కదిలి, ట్యాంకు పక్కనుంచి తిరిగి, తోటల వెనక్కి వెళ్లిపోయేదాకా వదల్లేదు.

"అమ్మా, ఆ సార్ చొక్కా," అంది హన్నా.

"చూశాను," అన్నాను.

సాయంత్రం ఆరింటికి ఫోను వచ్చింది. నాకే చేశారు.

"ఏమ్మా, బుద్ధుందా నీకు? మీటింగులో ముందు వరసలో కూర్చున్నాను. వెనకాల జిల్లా మొత్తం నవ్వుకుంది. పెద్దాఫీసరు లేపి, ఎక్కడ దొర్లొచ్చావయ్యా అన్నాడు. చెప్పొచ్చు కదా నువ్వు?"

"చెప్తూనే ఉన్నానండి," అన్నాను. "ఏప్రిల్ నుంచి చెప్తున్నాను."

"మీ ఆయనకియ్యి ఫోను," అన్నారు.

మా ఆయన ఫోను అందుకుని మామూలుగానే లేచి నిలబడ్డారు. ఏఈ గారు మాట్లాడితే ఫోన్లో అయినా నిలబడే మాట్లాడతారు. అవునండి. అవునండి. కాదండి. నా నిర్లక్ష్యమేం లేదండి. టైముకే మోటారు కట్టేస్తున్నానండి. ఆయన మెడ మీద నరం కదలడం నేను చూస్తున్నాను. అవతలి గొంతు పెరిగింది. ఆయన ఒకసారి హన్నా వైపు చూశారు. అప్పుడన్నారు.

"లాగు బుక్కులో రాశానండి. ఇవాళే. జాయింటు విరిగి రెండేళ్లయిందనీ, అప్పుడే మీకు చెప్పాననీ రాశానండి. ఫొటో తీసి సచివాలయానికి పంపానండి."

ఫోను పెట్టేశారు. నేను గూట్లో ఉన్న లాగు బుక్కు వైపు చూశాను. పొద్దున ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది, పైన పెన్ను కూడా కదల్లేదు. ఆయన నా చూపు చూశారు. బుక్కు తీసి గుమ్మంలో కూర్చుని రాయడం మొదలుపెట్టారు. అక్షరాలు వంకర పోతున్నాయి. ఒకచోట ఆగి, "ఓవర్‌ఫ్లోకి తెలుగులో ఏం రాయాలి?" అన్నారు. పది రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది.

"పొర్లే నీళ్ల పైపు అని రాయండి," అన్నాను. రాయడం అయ్యాక ఆ పేజీ ఫొటో తీసి శ్రీరమ్యకి పంపారు.

తొమ్మిదో రోజున తవ్వడానికి మనుషులొచ్చారు. మేస్త్రి సాంబయ్య మోకాలి లోతు తవ్వి, "ఇదేందయ్యో, ఎవడో కట్టు కట్టాడు దీనికి," అన్నాడు. విరిగిన జాయింటు చుట్టూ గోనెగుడ్డ, దాని మీద సైకిలు ట్యూబు ముక్కలు బిగించి కట్టి ఉన్నాయి. ట్యూబు కుళ్లి చీలిపోయింది. దాని మీద ఎర్ర అతుకు నేను గుర్తుపట్టాను. అది మా ఆయన పాత సైకిలుది.

మా ఆయన గొయ్యి అవతల నిలబడి ఉన్నారు. ఎప్పుడు కట్టారో, ఎవరూ చూడకుండా ఎలా తవ్వుకున్నారో నేను అడగలేదు. నాకు కోపం పోలేదు. కట్టు కట్టిన చేతులు రెండు ముక్కలు రాయలేకపోయాయి కదా అని ఇంకా ఉంది. కానీ ఆ రోజు సాంబయ్యకీ ఆయనకీ ఒకేసారి మజ్జిగ ఇచ్చాను.

ఊరికి రెండు రోజులు నీళ్లాగాయి. జనం మమ్మల్ని తిట్టారు, ట్యాంకరు వచ్చాక మానేశారు. కొత్త జాయింటు వేశారు. గోడ నడుమెత్తు దాకా ఇటుక కనపడేలా చెక్కి, ఎండనిచ్చి, సిమెంటు పూశారు. మా ఆయనకి మెమో కూడా వచ్చింది. ఏఈ గారిని దాటి సచివాలయానికి ఫొటో పంపినందుకు సంజాయిషీ ఇవ్వాలంట. నేను ఆ కాగితం బైబిల్లో పెట్టాను. జూలై ఇంకా రాలేదు. రోజుకి పదిసార్లు దాని గురించి భయపడుతూనే ఉన్నాను.

జూన్ పధ్నాలుగున తొలకరి పడింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో రోజు గొడుగు వేసుకుని శ్రీరమ్య వచ్చింది.

"ఫైనల్ ఫొటో తియ్యాలమ్మా," అని ఫోను పైకెత్తి, దించేసింది. "ఇదేంటి, ఇక్కడ సున్నం వెయ్యలేదేం? మిగతా గోడలన్నీ వేసుకున్నారుగా. బూడిదరంగులో అసహ్యంగా ఉంది."

"నేనూ అదే మొత్తుకున్నానమ్మా," అంది అత్తయ్య. "నా మాట ఎవరు వింటారు ఈ ఇంట్లో."

"అలాగే తియ్యండి మేడం," అన్నాను. "అక్కడ ఇంక సున్నం వెయ్యను. మళ్లీ తడిస్తే మొదటి రోజే కనపడాలి."

శ్రీరమ్య నా మొహం చూసి, ఫొటో తీసింది. ఈసారి వెళ్లి గోడ మీద అరచెయ్యి మొత్తం ఆనించి, కాసేపు ఉంచి, పొడిగా ఉన్న చెయ్యి చూసుకుంది కూడా. వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మీకొక ఫోను వస్తుందమ్మా. రికార్డు చేసిన గొంతు. పని బాగా జరిగితే ఒకటి నొక్కమంటుంది, జరక్కపోతే రెండు. ఒకటి నొక్కండేం."

"వానాకాలం వెళ్లనివ్వండి," అన్నాను. "అప్పుడు చెప్తాను."

ఆ పిల్ల గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. హన్నా మంచం మీద పడుకుని ఉంది. దాని తల ఎప్పటిలా ఆ గోడ వైపే. నేను ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి దాని వీపు మీద పెట్టి కూర్చున్నాను. బయట వాన కొడుతోంది. ఊపిర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.